మహాగనీ గిటారును ఎంచిన విధము

ఆ చేపలమ్మే స్త్రీ పేరు నేను అడగలేదు. కనుక ఆమె చేసిన మేలునైనా వ్రాసి ఉంచడం నా విధి.

ఆమదాలవలస స్టేషనులో రైలు కోసం వేచి ఉండగా, నా మనుమరాలు రెండు వేర్వేరు కలపలతో చేసిన ఖరీదైన గిటార్లను మార్చి మార్చి వాయిస్తున్నది. దుకాణదారు పరీక్షకిచ్చినవి, ఆ సాయంత్రానికి ఒకటి తిరిగి ఇచ్చివేయాలి. గంభీరంగా మ్రోగే నల్లని రోజ్‌వుడ్డే ఉత్తమమని తీర్పు చెప్పాను. పిల్ల తల ఊపింది.

ప్రక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఆమె నవ్వింది.

“ఏటి బావూ, సెక్కనే సూత్తన్నారు, గుంట మొకం సూడరేటి? నల్లదాన్ని వాయించినప్పుడు మీకేసే సూత్తన్నాది. ఎర్రదాన్ని వాయించినప్పుడు మిమ్మల్నే మరిసిపోతన్నాది.”

ఎర్రనిది మహాగనీ. నేను రోజ్‌వుడ్ గిటారును పెట్టెలో పెట్టి, తిరిగి ఇవ్వవలసినది అదేనన్నాను. పిల్ల మరల వాయించసాగింది, నావైపు చూడనేలేదు.

మనుమరాలి విషయంలో నా తప్పును ఆమె దిద్దింది. కలపల విషయంలో తప్పులుంటే పాఠకులు దిద్దవలెనని కోరుతాను.