పాల ట్యాంకు, నీళ్ళ ట్యాంకు

స్టీలు ట్యాంకులోకి దిగడం నా ఉద్యోగం. పాండేసరలో ఒక చిన్న పాల కేంద్రం ఉంది. పల్లెల నుంచి వచ్చిన పాలు అక్కడి పెద్ద స్టీలు ట్యాంకులో చల్లబడి, చుట్టుపక్కల చాయ్ దుకాణాలకూ కిరాణా కొట్లకూ వెళ్తాయి. ట్యాంకు ఖాళీ కాగానే మూత తీసి, గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషిని నిలబెట్టి నేను లోపలికి దిగుతాను. ముందు చన్నీళ్ళు. తొందరపడి వేడినీళ్ళు పోస్తే పాల జిడ్డు స్టీలుకి అతుక్కుపోయి ప్రాణం తీస్తుంది. ఆ తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్షు, మళ్ళీ నీళ్ళు, చివర పొడిగుడ్డ. అతుకుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాను. పులిసిన వాసన రవ్వంత తగిలినా మళ్ళీ మొదటికే. ఈ పనంటే నాకు గర్వం. ఎవరైనా 'కడిగే పనేగా' అంటే వాళ్ళతో ఆ రోజంతా మాట్లాడను.

మేముండేది ఆ పక్కనే వడోద్‌లో, నాలుగంతస్తుల బిల్డింగులో. అందరం తెలంగాణ నుంచి ఈ పరాయి ఊరికి వలస వచ్చిన నేత కుటుంబాలమే. మగవాళ్ళు సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తారు. డాబా మీదున్న ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు పగిలిపోతే అందరం కలిసి స్టీలుది తెచ్చుకున్నాం. దసరాకి సాంచలు శుభ్రం చేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టడం మావాళ్ళ ఆనవాయితీ. ట్యాంకు కూడా మెషినే కదా అనుకున్నారు. సాంచల గ్రీజు గీకే ఇనుప తీగల బ్రష్షులు తెచ్చి, లోపలా బయటా చేతులు నొప్పి పుట్టేదాకా తోమి, బొట్లు పెట్టి దండం పెట్టుకున్నారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఇంట్లో ఉంటే ఆ బ్రష్షులు లాక్కుని కిందికి విసిరేసేదాన్ని.

దీపావళి దాటాక ట్యాంకు గోడల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. నల్లా తిప్పితే నీళ్ళు తుప్పు వాసన. స్టీలుకి తుప్పేంటని బిల్డింగంతా నోరు వెళ్ళబెట్టింది. మూత ఎత్తి చూశాను. మచ్చలన్నీ బ్రష్షు తిరిగిన గీతల వెంటే ఉన్నాయి. ఇనుప రజను స్టీలులో ఇరుక్కుంటే ఇంతే, ఇది మీ బ్రష్షుల పనే అని చెప్పాను. ఎవరు వింటారు? మేమంతా కాక అని పిలిచే బిల్డింగు పెద్దమనిషి అప్పటికే కారణం కనిపెట్టేశాడు. ఎవరో ఆడది బయట ఉన్నప్పుడు, అదే నెలసరి రోజుల్లో, పైకెక్కి ట్యాంకును ముట్టుకుందట. దసరా వెళ్ళిన మర్నాడు పైన దుప్పట్లు ఆరేస్తూ కనిపించింది నేనొక్కదాన్నే.

ఆయన తీర్పు కూడా చెప్పాడు. వచ్చే ఆదివారం అందరి ముందు నాడె మీద చెయ్యి వేసి, ఆ రోజు నేను బయట లేనని చెప్పాలి. నాడె అంటే మగ్గంలో దారం మోసుకుంటూ అటూ ఇటూ తిరిగేది, మాకు అన్నం పెట్టేది. దాని మీద ప్రమాణం చేసి అబద్ధమాడితే ఇల్లు నిలవదని మావాళ్ళ నమ్మకం. ప్రమాణం చేసేదాకా మా ఇంటి నల్లా బంద్. కాక మా వాల్వు కట్టేసి, దాని పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అప్పటి నుంచి నేనూ మా ఆయనా కింద వీధి నల్లా దగ్గర పట్టుకుని మూడో అంతస్తుకు బిందెలు మోశాం.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ రోజు నేను బయటే ఉన్నాను.

మా ఆయనకు ఆ సంగతి తెలుసు. శనివారం సాయంత్రం బిందె దింపి, గోడకు చేరగిలబడి అన్నాడు.

"లేను అని ఒక్క మాట అను. ఎవలు చూడొచ్చిన్రు? నీళ్ళొస్తయి."

"నాడె మీద చెయ్యేసి అబద్ధమాడాల్నా?"

"నాడెకేమైతది? నా నడుము పోతాంది గానీ."

"ఉన్న అని చెప్తే ఏమైతది?"

"మనల ఈ బిల్డింగుల ఉండనియ్యరు. గంతే అయితది."

ఆయన భయం అర్థం కాకపోలేదు. ఈ ఊళ్ళో మనవాళ్ళ మధ్య గది దొరకడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ నా ఒంటి సంగతి ఇంతమంది మగవాళ్ళ ముందు దొంగసొమ్ములా తేల్చుకోవాలా అని ఒళ్ళు మండింది. ఆ రాత్రి ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున అందరూ డాబా మీద చేరారు. స్టూలు మీద నాడె, పక్కన వెలిగించిన కర్పూరం. కాక కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన భార్య, మేం చిన్నమ్మ అని పిలిచే ఆవిడ, కెటిల్ పట్టుకుని పక్కన నిలబడింది.

"చెప్పు బిడ్డా. ఆ దినం బయట ఉన్నవా, లేవా?" అన్నాడు కాక.

నాడె మీద చెయ్యి వేశాను. "ఉన్న కాక."

మా ఆయన తల దించుకున్నాడు. వెనక నుంచి ఎవరో "చూసిన్రా, నేను జెప్పలె?" అన్నారు.

"ఉన్న. దుప్పట్లు ఆరేసిన. ట్యాంకు మీద చెయ్యి గూడ ఆనిచ్చిన. ఇంకోటి గూడ ఇను. గా దినాలల్ల నాకు డ్యూటీ బంద్ ఉండదు. పాల ట్యాంకుల దిగుతనే ఉంట. ఇన్నేండ్ల సంది దిగుతున్న, దానికి ఒక్క మచ్చ రాలె. కింద దుకాణంకెల్లి మీరందరు రోజు తెచ్చుకునే పాలు గా ట్యాంకుయే. నువ్వు తాగే చాయ్ గూడ గా పాలదే."

పెదవుల దాకా వెళ్ళిన గ్లాసును కాక మెల్లగా కింద పెట్టాడు. "ఏం మాట్లాడుతున్నవే పిల్లా" అన్నాడు గానీ గొంతులో పస లేదు.

"ఇన్నేండ్లల్ల ఎవలకన్న ఏమన్న అయిందా? అయితే జెప్పుర్రి. ఇయ్యాల్నే ఇల్లు ఖాళీ జేస్త."

చిన్నమ్మ వంగి ఆ గ్లాసు తీసుకుంది. అందరూ చూస్తుండగా నిలబడే గటగటా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుని, "పాలు మంచిగనే ఉన్నయి. దాని పిడి దానికియ్యి" అంది మొగుడితో. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళలేదు. ఆవిడే ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, పిడి తీసి నాకిచ్చింది.

ఆ రోజే ట్యాంకు ఖాళీ చేయించి లోపలికి దిగాను. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి నైలాన్ బ్రష్షుతో రుద్దితే మచ్చలు ఒక్కొక్కటే వదిలాయి. మా ఆయన మూత దగ్గర నిలబడి బకెట్లు అందించాడు. కొందరు మగవాళ్ళు మూతి ముడుచుకుని దిగిపోయారు. కొన్నాళ్ళు నీళ్ళ క్యాన్లు తెప్పించుకుని తాగారు. తాగనీ. పాలు మాత్రం ఒక్కరూ మానలేదు.

ఇప్పుడు ఆ ట్యాంకు కడిగేది నేనే. ఇనుప బ్రష్షు పైకి రానివ్వను. ఏ రోజు కడగాలో నేనే చెప్తాను, నాకు వీలున్న రోజు చూసుకుంటానే తప్ప ఇంకేమీ చూసుకోను. బయట ఉన్నావా అని మళ్ళీ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్తాను.