చిన్నమ్మలుగారి ఈత రేవు

కొత్తపేట దగ్గర ఆ ఊళ్లో ఈత రాని ఆడపిల్ల లేదంటే ఆ పుణ్యం చిన్నమ్మలుగారిదే. అరవై ఎనిమిదేళ్లొచ్చినా, కాలవకి నీళ్లు వదిలారని తెలిస్తే చాలు, కుచ్చిళ్లు ఎగదోపి రేవులోకి దిగిపోతారు.

ఆవిడకి ఈత నేర్పింది అన్నయ్య సూర్యారావు. వైమానిక దళంలో యుద్ధవిమానం నడిపేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా రెండు ఎండు కొబ్బరికాయలు జతకట్టి, చెల్లెలి నడుముకి బిగించి నీళ్లలోకి తోసేవాడు.

"ఆడపిల్లకి ఈతలేంట్రా?" అని నాయనమ్మ గట్టుమీద గోల పెట్టేది.

"గోదారి ఆడా మగా చూసి ముంచుతుందేంటి, నాయనమ్మా?" అనేవాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో సూర్యారావు చనిపోయాడు. పద్నాలుగేళ్ల చెల్లెలు ఏడాదిపాటు రేవు మొహం చూడలేదు. ఆ తర్వాత పక్కింటి పిల్ల కాలు జారి కాలవలో పడితే, ఒక్క దూకు దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. మర్నాడు ఆ పిల్ల నడుముకే కాయలు కట్టింది. ఊళ్లోనే పెళ్లయింది, మనవలు పుట్టారు, నేర్పడం మాత్రం మానలేదు.

పోయిన శ్రావణంలో వెంకటరమణ అనే పెద్దాయన అనంతపురం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయనా సూర్యారావూ ఒకే దళంలో పైలట్లు.

"నా వెంటపడ్డ శత్రువిమానాన్ని మీ అన్న తన మీదికి తిప్పుకున్నాడమ్మా. నేను బతికొచ్చాను. వాడు రాలేదు."

చిన్నమ్మలుగారు కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టారు. "ఇన్నాళ్లకా అండీ వచ్చేది?"

"మొహం చెల్లలేదు తల్లీ. యుద్ధం అయ్యాక మీ కాలవలో నాకు ఈత నేర్పుతానన్నాడు. మా వైపు నీళ్లెక్కడివి? ఇప్పటికీ రాదు."

ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వేశారు. "దానికేం భాగ్యమండీ! అన్నయ్య మాట నేను తీరుస్తాను. పంచె బిగించండి."

ఆయన బరువుకి రెండు కాయలు చాలక నాలుగు కట్టాల్సొచ్చింది. గట్టుమీద ఊరంతా చేరింది.

"కాళ్లు కొట్టండి, అన్నయ్యగారూ! ఆకాశంలో తిరిగేరు, నీళ్లకి భయమేంటండీ?"

"అక్కడ సీటుకి కట్టేసేవాళ్లమ్మా!"

"తాతగారూ, మాట్లాడకండి, నీళ్లు తాగేస్తారు!" అని చిన్నమ్మలుగారి ఏడేళ్ల మనవరాలు లక్ష్మీతులసి హెచ్చరించింది. గట్టంతా గొల్లున నవ్వింది.

వారంరోజులు ఆయన అక్కడే ఉన్నారు. పొద్దున్న ఈత, సాయంత్రం కబుర్లు. పనసపొట్టు కూర కావాలని సూర్యారావు మెస్సులో వంటవాడితో పడ్డ పోట్లాటలు వింటూ చిన్నమ్మలుగారు కడుపుబ్బ నవ్వారు. తనకి తెలియని అన్నయ్య ఇంకా ఇంత మిగిలి ఉన్నాడా అనుకున్నారు. ఏడో రోజున వెంకటరమణగారు కాయలు విప్పేసి, ఆవిడ పక్కనే ఈదుతుండగా, అవతలి గట్టు ముట్టుకున్నారు.

ఆయన వెళ్లిన మర్నాడు కాలవల్లేని మెట్ట ఊళ్లనుంచి కాపురానికొచ్చిన కోడళ్లు ఆరుగురు రేవులో బారులు తీరారు.

"ఆ తాతగారికి వచ్చింది, మాకు రాదేంటండీ, అత్తయ్యగారూ?"

"ఆయ్, ఎందుకు రాదమ్మా! దిగండి," అన్నారు చిన్నమ్మలుగారు, మోకాలిలోతు నీళ్లలో నిలబడి.