మీనరాశిలో నాకు కనపడనిది

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున నా భార్య పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆసుపత్రిలో ఉన్నది నాలుగు రోజులే. బంధువులకు కార్డులు రాశాను. ఆమెతో కలిసి ఆకాశం చూసినవారికి కార్డు చాలదనిపించి ఇది రాస్తున్నాను.

ఆమె మంగళగిరి మగ్గాల ఇంటి పిల్ల. డెబ్బై రెండులో మేం టెలిస్కోపు చేసుకున్నప్పుడు, ఆరంగుళాల అద్దాన్ని నెలల తరబడి గరుకుపొడితో అరగదీసింది ఆమే. లెక్కలు నావి, ఓపిక ఆమెది. విజయవాడలో కరెంటు పోతే వీధంతా తిట్టుకునేది. ఆమె డాబా ఎక్కేది.

"కరెంటు పోతే పండగ చేసుకునేదాన్ని నిన్నే చూశానమ్మాయ్!" అనేది ఎదురింటావిడ.

"మీరూ రండి పిన్నిగారూ, పొయ్యి ఎక్కడికీ పోదు."

అసలైన చీకటి కోసం అమావాస్యలకు చల్లపల్లిలో మా అక్క ఇంటికి వెళ్లేవాళ్లం. ఒకసారి బస్సు మీంచి మా రేకు గొట్టాన్ని దించుతూ "ఇదేంటండీ, ఫిరంగా?" అన్నాడు కండక్టరు.

"కాదు నాయనా, అద్దం. చంటిపిల్లని దించినట్టు దించు," అంది ఆమె.

ఆకాశంలో బాగా మసకగా ఉండేవి సూటిగా చూస్తే కనపడవు. "మగ్గం మీద పడుగులో తెగిన పోగు లాగేనండీ. కాస్త పక్కకి చూడండి," అనేది. ఇద్దరికీ కనపడితేనే నోటుబుక్కులో రాయాలని ఆమె నియమం. ఒక్కరి కన్ను భ్రమపడుతుందట.

ఒక సాయంత్రం చల్లపల్లిలో, మీనరాశిలోని గెలాక్సీ ఆమెకు దొరికింది. నాకు ఎంతకీ దొరకలేదు. విజయవాడ వెళ్లే ఆఖరి బస్సుకు టైమవుతోంది.

"కనపడిందా అండీ?"

"ఆఁ, కనపడింది."

"నిజంగా?"

"నిజంగానే. పద, బస్సు పోతుంది."

రాసుకుంది. దారి పొడవునా దాని గురించే మాట్లాడింది. చెప్పేద్దామని ఉయ్యూరు దాటేవరకూ అనుకున్నాను. తర్వాత మూడేళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో కాలు ఒకచోట నిలవదు. నోటుబుక్కు తీస్తాను, మూస్తాను, మళ్లీ తీస్తాను. అందులో ఒకే ఒక్క అబద్ధం ఉంది. అది నాది.

మొన్న అమావాస్యకు టెలిస్కోపు తీసుకుని ఒక్కణ్ణే చల్లపల్లి వెళ్లాను. మబ్బు లేదు. వీధి వెలుగు కంట పడకుండా ఆమె కప్పుకునే నల్ల నేతగుడ్డ నా తల మీద కప్పుకున్నాను. సూటిగా చూశాను. పక్కకి చూశాను. ఆఖరి బస్సు వెళ్లిపోవడం వినపడింది. కదల్లేదు.

కనపడలేదు.

చీకటికి అలవాటైన కన్ను చెదరకుండా ఎర్రకాగితం చుట్టిన టార్చి వెలుగులో ఆ పేజీ తీశాను. 'ఇద్దరం చూశాం' అని ఉంది ఆమె దస్తూరీలో. అది కొట్టేసి, కింద 'ఆమె చూసింది' అని రాశాను.

మళ్లీ గుడ్డ కప్పుకున్నాను. అందులో ఇంకా ఆమె కొబ్బరినూనె వాసన ఉంది.