నా కారులో ఆగిపోయిన అభ్యంతరం

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. అయినా ఎన్నికల మాట ఎవరైనా ఎత్తితే చాలు, నా నోరు మూతపడుతుంది. ఓటంటే నీకెందుకంత చిరాకని మావారు ఒకసారి అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. మీకు మాత్రం చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాబోలు, ఈ మాత్రం ధైర్యం వచ్చింది.

మాది తెనాలి పక్క. చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్ పట్నంలో డిప్లొమా చేసి, అక్కడికి గంట దూరంలో ఒక లోయలో, ఆవుల ఫారంలో దూడలకు పాలు పట్టే పనిలో చేరాను. లోయకంతా ఒకటే రోడ్డు, దాని మధ్యలో ఏటి మీద ఒక వంతెన. ఒక స్కూలు, ఒక హాలు, ఒక డెయిరీ. డెయిరీ అంటే ఇక్కడ చిల్లర కొట్టు. ఆ కొట్టు మన తెలుగాయనదే, వరంగల్ వైపు వారు. ఆయన పేరు రాయను, అంకుల్ అనే అంటాను. కొట్టు వెనక గదిలో నన్ను ఉండనిచ్చారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పిలిచి అన్నం పెట్టేవారు.

అంకుల్‌కు ఎన్నికల పిచ్చి. ఆ లోయ ఒకప్పుడు ఏ నియోజకవర్గంలో ఉండేదో, ఓటు పద్ధతి మారినప్పుడు దాన్ని దేనితో కలిపారో, పేరు ఎన్నిసార్లు మారిందో, ఎవరు ఎంత తేడాతో గెలిచారో, అన్నీ నోటికొచ్చు. నిజానికి ఆ సీటులో గెలిచేది ఎప్పుడూ ఒకే పార్టీ. ఆ పార్టీ గొర్రెను నిలబెట్టినా గెలుస్తుందని రైతులే నవ్వుకునేవారు. అయినా ఎన్నికలొస్తే అభ్యర్థులందరూ అంకుల్ కొట్టు ముందు నిలబడి మాట్లాడాల్సిందే, ఆయన వేసిన మిరపకాయ బజ్జీ తిని కళ్ళనీళ్ళు పెట్టుకోవాల్సిందే. ఇక్కడ ఏడాది ఉండి రెసిడెన్సీ తెచ్చుకుంటే చాలు, ఓటు వస్తుంది, పౌరసత్వం దాకా ఆగక్కర్లేదు. ఆ సంగతి నాకు చెప్పిందీ ఆయనే. నీకు ఓటొచ్చిన రోజు నేనే తోలుకపోత బిడ్డా అనేవారు.

2013 చివర సరిహద్దులు మళ్ళీ గీస్తున్నామని మ్యాపు విడుదల చేశారు. పట్నం, అంటే ఇన్వర్‌కార్గిల్, నియోజకవర్గంలో జనం చాలలేదట. వంతెనకు ఇవతలున్న మా రోడ్డును దాంట్లో కలుపుతామన్నారు. వంతెన అవతలి సగం లోయ పాతదాంట్లోనే ఉంటుంది. ఒకే స్కూలుకు పిల్లల్ని పంపేవాళ్ళు, ఒకే హాలులో పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు రెండు ముక్కలవుతారు. అభ్యంతరం ఉంటే రాసి పంపమని గడువు పెట్టారు. అంకుల్ చెప్పగా నేను టైపు చేశాను. ఆ కాగితం కొట్టు బల్ల మీద వారం రోజులుంది. పాలకు వచ్చినవాళ్ళు, బ్రెడ్డుకు వచ్చినవాళ్ళు సంతకం పెట్టి వెళ్ళారు. గురువారం నేను పట్నం వెళుతుంటే కవరు నా చేతిలో పెట్టారు. అక్కడి లైబ్రరీలో స్కాన్ చేసి పంపాలి. అంతే నా పని.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నా రెసిడెన్సీ ఫైలు అప్పటికి ఏడాదిగా కదలడం లేదు. వీసా అయిపోవస్తోంది. పట్నం ఎంపీ ఆఫీసులో ఒకావిడ ఉందనీ, ఆవిడ ఉత్తరం రాస్తే ఫైలు పరుగెత్తుతుందనీ మన తెలుగు పిల్లలు చెప్పుకునేవారు. వెళ్ళాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. అడ్రసు చూసి, ఈ రోడ్డు మా పరిధిలోకి రాదమ్మా, మీ ఎంపీ దగ్గరికి వెళ్ళండి అంది. మా ఎంపీ ఆఫీసు రెండు గంటల దూరం. ఫోన్ చేసి అడిగానా? అడగలేదు. ఎమ్మెల్యే సిఫార్సు లెటరు కోసం మా నాన్న తిరిగిన తిరుగుళ్ళు చూసి పెరిగినదాన్ని. మనవాడు అనిపించుకుంటేనే పని అవుతుందని నా బుర్రలో పాతుకుపోయింది. కొత్త మ్యాపు ప్రకారమైతే పట్నం ఎంపీ నా ఎంపీ అవుతాడు. మ్యాపు అచ్చయిన మర్నాడే అడ్రసు పట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళొచ్చనుకున్నాను.

లైబ్రరీలో కూర్చుని ఆ కాగితాన్ని మళ్ళీ చదివాను. కంప్యూటరు ముందు అరగంట కూర్చున్నాను. పంపలేదు. కవరును కారు సొరుగులో పెట్టి, వచ్చే గురువారం పంపుదాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఏమో. ఒక్క క్షణంలో చేసిన తప్పయితే బుద్ధి గడ్డి తిందని సరిపెట్టుకునేదాన్ని. కానీ గడువు ముగిసేదాకా ప్రతి ఉదయం అదే కారులో ఫారానికి వెళ్ళాను, ప్రతి ఉదయం ఆ సొరుగు వంక చూడకుండా ఉండడానికి జాగ్రత్తపడ్డాను. అంటే రోజూ కొత్తగా చేశానన్నమాటే. పంపినవా అని అంకుల్ అడిగిన సాయంత్రమే పంపేశానండీ అన్నాను. గడువు దాటాక కవరు చింపి పారేశాను.

సరిహద్దు మారింది. అయితే కొత్త సరిహద్దులు తర్వాతి ఎన్నికల నుంచి గానీ అమల్లోకి రావని నాకప్పుడు తెలిసింది. అప్పటిదాకా మా ఎంపీ పాత ఎంపీయే. ఈలోపు మార్చిలో, ఏ ఎంపీ ఉత్తరమూ లేకుండా, నా రెసిడెన్సీ దానంతటదే వచ్చింది. ఎవరికీ పనికిరాని ద్రోహం చేశాను. నాకైనా పనికొచ్చి ఉంటే ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది, అయినా నిజం.

సరిహద్దుల కమిషన్ రిపోర్టు, అందిన అభ్యంతరాలతో సహా, లైబ్రరీకి వచ్చిందని తెలిసి అంకుల్ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. వేలితో ఒక్కో పేజీ వెతికారు.

"మనది ఏడున్నదే బిడ్డా? మన లోయ పేరే కనపడ్తలేదు."

"అందరివీ వెయ్యరేమో అంకుల్. ఇంత పుస్తకంలో ఎన్నని వేస్తారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వస్తుందేమోనని చూశాను. నవ్వారు.

"పోనీలే. సదివిర్రు, కూసొని మాట్లాడుకున్నరు, కాదన్నరు. కాదనుడు వేరే, సదవకపోవుడు వేరే. మా ఊర్ల అయితే అర్జీ తీసుకునేటోడే లేకుండె. గీడ నాసుంటి కొట్టోని మాట గూడ ఇన్నరు. నాకది సాలు."

అప్పుడు చెప్పాల్సింది. ఆ టేబుల్ దగ్గర, ఆ నిమిషంలో. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన ముఖంలో ఆ తృప్తి చూశాక, చెబితే అది పోతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆయన కోసమే ఆగాననుకున్నాను. కాదు. ఆదివారం అన్నానికి పిలవరేమోనని భయపడ్డాను.

ఆ సెప్టెంబర్ ఎన్నికలకు పాత సీటు అభ్యర్థులు వంతెన అవతలి హాలుకు వచ్చి, అటునుంచి అటే వెళ్ళిపోయారు. పట్నం సీటువాళ్ళకు మా రోడ్డు ఉన్నట్టే గుర్తులేదు. అంకుల్ మధ్యాహ్నం దాకా చూసి, కలిపిన బజ్జీ పిండి ఫ్రిజ్‌లో పెట్టేశారు. తర్వాత కొన్నాళ్ళకు కొట్టు అమ్మి, ఎక్కడో ఉత్తరాన పాపటోయిటోయిలో ఉండే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను పెళ్ళై ఇంకో ఊరు, జాన్సన్‌విల్ చేరాను. నేను ఫోన్ చేసినప్పుడల్లా అంకుల్, ఎవరు పక్కనుంటే వాళ్ళకు, గవర్నమెంటుకు నేను రాసిన లెటరు టైపు చేసింది ఈ బిడ్డే అని చెప్పేవారు.

ఈ ఏడాది చలికాలంలో అంకుల్ పోయారు. చర్చిలో ఆయన కూతురు ఇంగ్లీషులో మాట్లాడింది. నాన్న ఒకసారి ఈ దేశంతో వాదించి ఓడిపోయాడు, కానీ తన మాట పూర్తిగా విన్నాకే ఓడించారని చచ్చేదాకా మురిసిపోయాడు అంది. అందరూ ఆప్యాయంగా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుని థాంక్యూ అక్కా అంది. ఆ రోజూ చెప్పలేదు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లకు అప్పుడు ఆ మాట చెప్పడం నా భారం దించుకోవడమే అవుతుందనుకున్నాను. అది న్యాయమో, మళ్ళీ అదే పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కమిషన్ ఆ లోయ మాట విని కాదనలేదు. వాళ్ళ దాకా ఆ మాట చేరనే లేదు. చేరి ఉంటే గీత మారేదో లేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. సంతకాలయ్యాక అంకుల్ ఉత్తరం చదివిన మనిషిని నేనొక్కదాన్నే. చాలా మంచి ఉత్తరం అది. నేనే కాదన్నాను.