ఎవురూ లేరప్పా, పోనీ

జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే రోడ్డులో క్రాస్ దగ్గర దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే మా ఊరు. గొర్రెలను కూడా కలిపి లెక్కేస్తే తప్ప పెద్దదనిపించదు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు వచ్చేవి. ఆ బస్సులోనే నేను జమ్మలమడుగులో డిగ్రీ చదవడానికి పోయేదాన్ని. అప్పటికి మా ఊరి ఆడపిల్లల్లో అంతదాకా పోయింది నేనొక్కదాన్నే.

ఒక శ్రావణ శనివారం ఊరంతా గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయాం. లారీ మాట్లాడి పెట్టింది మా ఊరి ఆటో ఆయన. వరసకు మామ. మా ఇంట్లో ఆయన తినని పండగ లేదు.

"నువ్వు రావా మామా?" అని అడిగాను.

"నాకు పనుందిలే పాపా. మీరు పోయి రాండి."

ఆ మరుసటి వారం బస్సు ఆగిపోయింది. ఎక్కేవాళ్లు లేరని డిపోవాళ్లు తీసేశారట. ఇక మామ ఆటోనే దిక్కు. మనుషులను గడ్డివాము తొక్కినట్టు తొక్కి ఎక్కించేవాడు. మా నాయన అది ఒక్కసారి చూశాడు. "ఆ మగోల్ల ఒళ్లో కూచోని పోయి నువ్వు సదివేదేం వద్దు. ఇంట్లో ఉండు" అన్నాడు. అంతే, రెండో ఏడు పరీక్షలు రాయలేదు. పుస్తకాలు అటక మీద పెట్టిన రోజు నేను అన్నం తినలేదు.

తర్వాత ఏడుపు పోయి కడుపుమంట మిగిలింది. ఇల్లిల్లూ తిరిగి చంటిపిల్లలతో సహా అందరి పేర్లూ రాసి, కాగితాలు డిపోకు తీసుకుపోయాను. అక్కడి ఆఫీసరు అవన్నీ తిరగేసి, "ఇంతమంది ఉంటే మేమొచ్చిన పొద్దు యాడికి పోయినారమ్మా?" అన్నాడు.

"ఏ పొద్దు సార్?"

"శ్రావణ శనివారం. మీ ఊరి ఆటో ఆయనే చెప్పినాడు, ఆ పొద్దు వచ్చి చూడండి, ఊర్లో ఎవురూ లేరు సార్ అని."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. "ఈసారి సోమవారం వచ్చి చూడండి సార్" అన్నాను. ఆఫీసరు ఒక సోమవారం బస్సు వేయించి, అందులోనే వచ్చి, అది నిండడం కళ్లారా చూశాడు. బస్సు తిరిగొచ్చింది. కానీ అప్పటికి నా చదువు చట్టుబండలైంది. ఇప్పుడు అదే బస్సులో జమ్మలమడుగులో చీరల షాపుకు పోతున్నాను, మడతలు పెట్టే పనికి. బస్సు తెచ్చిన పిల్లనని డ్రైవరుకు నేనంటే గౌరవం. ముందు సీటు నాదే. నన్నడగకుండా బండి కదిలించడు.

మామ కూతురు కూడా డిగ్రీలో చేరింది. మా బస్సులోనే! మొన్న పరీక్షల మొదటిరోజు ఆ పిల్ల ఆలస్యమైంది. డ్రైవరు ఎప్పటిలాగే నావైపు తిరిగాడు.

"ఎవురన్నా వచ్చేవాల్లుండారామ్మా?"

అద్దంలో చూశాను. హాల్‌టికెట్టు చేత్తో పట్టుకొని పరుగెత్తుతోంది. పరీక్షని నాకు తెలుసు, ముందురోజు తనే చెప్పింది.

"ఎవురూ లేరప్పా, పోనీ" అన్నాను.

అబద్ధమెందుకు, క్రాస్ దాకా నాకు హాయిగానే ఉండింది. అక్కడ మామ ఆటో హారను కొట్టుకుంటూ వచ్చి బస్సుకు అడ్డంగా ఆగింది. పిల్లను ఎక్కించి, కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏం పాపా, పిల్ల ఉరికేది కనపడ్లేదా?"

"గండికి పోయిన పొద్దు ఊర్లో ఎవురూ లేరని చెప్పింది నువ్వే గదా మామా? నీ దగ్గర్నే నేర్చుకున్నా."

బస్సంతా విన్నది. నాకు తెలుసని ఆయనకు ఆరోజు దాకా తెలియదు. మొహంలో నెత్తురుచుక్క లేకుండా ఆటో పక్కకు తీశాడు.

ఆ పిల్ల వగరుస్తూ వచ్చి నా పక్కనే కూర్చుంది. దానికేమీ అర్థం కాలేదు. "వొదినా, రేపు గూడా పరీచ్చ ఉంది. ఒక్క నిమిషం ఆపమని డ్రైవరుకు చెప్తావా?" అంది.

"చెప్తాలే" అన్నాను. చెప్పాను కూడా.

ఆ సంగతి మామకు మాత్రం చెప్పలేదు. రోజూ పొద్దున అరగంట ముందే కూతురిని తెచ్చి నిలబెట్టి, బస్సు కదిలేదాకా నా మొహమే చూస్తుంటాడు. చూడనీ.