అంజినమ్మ చెప్పిన ఆవులింత సంగతి

వర్తూరులో పుట్టి పెరిగిన అంజినమ్మ అక్కడికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, డయాలిసిస్ విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా నర్సు. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకుంటారు. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు, పంచాయితీలు అన్నీ ఆమెకు తెలుసు.

మూడేళ్ళ కిందట ఆస్పత్రివాళ్ళు కంప్యూటర్‌లో ‘అనుభవ నిధి’ అని ఒకటి పెట్టారు. పనిలో నేర్చుకున్నది అందులో రాస్తే మూడు శాఖల్లోనూ ఎవరైనా చదువుకోవచ్చు. అప్పటి సూపరింటెండెంట్ నెలకు రెండు రాయనివాళ్ళకు మెమో ఇస్తానన్నాడు. చేతులు శుభ్రంగా కడుక్కోవాలని నలభైమంది రాశారు. అంజినమ్మ పేరు మీద కూడా ఎవరో అదే టైపు కొట్టిపెట్టారు. చదివినవాళ్ళు మాత్రం లేరు.

పోయినేడు ఆ సూపరింటెండెంట్ వెళ్ళిపోయి, ఆయన చోటికి కర్నూలు నుంచి డాక్టర్ ఫర్హానా వచ్చింది. మెమోల ఊసెత్తలేదు. రెండో వారంలో తనే ఒకటి రాసింది. చదువుకునే రోజుల్లో, ఒక రోగికి డయాలిసిస్ కోసం నరం కలిపి ఆపరేషన్ చేసిన చేతికే తాను బీపీ పట్టీ కట్టిందట. మర్నాటికి ఆ నరం మూసుకుపోయి, రోగికి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కింద తన పూర్తి పేరు పెట్టుకుంది.

అంజినమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. ఇంట్లో కూడా చెప్పనిది ఆమెకూ ఒకటి ఉంది. ఏడేళ్ళ కిందట పిల్లప్ప అనే ముసలాయన మిషన్ మీద ఉండగా వరసగా ఆవులించాడు. నిద్ర చాల్లేదనుకుని దుప్పటి కప్పి వెళ్ళింది. పది నిమిషాల్లో బీపీ పడిపోయి ఆయన స్పృహ తప్పాడు. ఎలాగో బతికాడు. అప్పట్నుంచి ఎవరు ఆవులించినా ఆమె ముందు బీపీ చూస్తుంది.

రెండు రోజులు తటపటాయించి ఫర్హానా గదికి వెళ్ళింది. తనకు టైపు రాదని, చెప్తే రాసుకుంటారా అని అడిగింది. ఫర్హానా పక్కన కుర్చీ వేసి, మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా అంతా కొట్టింది. పేరు తీసేయమంటే తీసేస్తానంది.

“ఉండనీండి మేడమ్. పేరు లేకుంటే ఎవరు నమ్ముతారు?” అంది అంజినమ్మ.

ఆ వారం నుంచి పొద్దున డాక్టర్ల రౌండ్‌కు ముందు నిధిలోంచి రోజుకొకటి పైకి చదివించేది ఫర్హానా. మన దగ్గర ఇలా జరిగిందా, ఏం మార్చుకుందాం అని అడిగేది. తప్పెవరిదని అడిగేది కాదు. నర్సుల కబుర్ల కోసం రౌండ్ ఆలస్యం చేస్తారా అని పెద్ద డాక్టరు జ్ఞానప్రకాశం విసుక్కున్నాడు. ఆమె వాదించలేదు, చదివించడం మానలేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం హోసకోట శాఖ నుంచి నేత్రావతి అనే కొత్త నర్సు అంజినమ్మకు ఫోన్ చేసింది.

“అక్కా, మీరు రాసింది నిన్ననే చదివినాను. ఈ పొద్దు ఒకాయమ్మ ఆవులిస్తా ఉంటే బీపీ చూసినా, దిగిపోతా ఉండాది. కాళ్ళు ఎత్తిపెట్టి డాక్టర్ని పిలిస్తిమి. ఇప్పుడు లేచి కాఫీ అడుగుతా ఉండాది.”

“సగం గ్లాసే ఇయ్యి పాపా, ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది,” అంది అంజినమ్మ. ఫోన్ పెట్టేసి కాసేపు కిటికీ దగ్గర నిలబడింది.

మాట్లాడితే చాలు, ఫోనే టైపు చేసి పెడుతుందని తెలిశాక ఆమె నిధిలో ఇంకో పది చేర్చింది. జ్ఞానప్రకాశం ఇంకా ఒక్కటీ రాయలేదు. అయితే పోయిన సోమవారం ఐదు నిమిషాలు ముందే వచ్చి వెనక నిలబడ్డాడు. చదవడం అయ్యాక, ఒక మందు మోతాదు గురించి తనకు తెలిసింది నాలుగు మాటలు చెప్పాడు. అది కూడా నిధిలోకి ఎక్కించమని ఫర్హానా అంజినమ్మకు సైగ చేసింది.