పసుపు గుడ్డ ఎర్రబడిన రోజు

మా దీవిలోని గరాచర్మలో మా షెడ్డు పక్కింటి మామ్మ మొన్న పొద్దున్నే పోయారు. కబురు విన్నప్పటినుంచీ ఆవిడ మా ఉద్యోగాలు నిలబెట్టిన రోజే గుర్తొస్తోంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది!

మా షెడ్డులో పడవల ఇనప సామాన్లకు జింకు పూత వేస్తాం. ముందుగా వాటి తుప్పును యాసిడ్ తొట్టిలో పోగొడతాం. ఆ యాసిడ్ ఆవిరిని ఫ్యాను ఒక పెద్ద గొట్టంలోకి లాగుతుంది. అందులో పైనుంచి సున్నపునీళ్ళు వానలా కురిసి దాన్ని విరిచేస్తాయి. చిక్కల్లా ఒక్కటే. నీళ్ళలో సున్నం అయిపోయిందని చెప్పే మీటరు పాడైపోయింది, కొత్తది మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో రావాలి. ఈలోగా వీధిలో ఘాటు వస్తేగాని మాకు తెలియదు. ఇంకొక్కసారి వచ్చిందంటే షెడ్డు మూయిస్తామని వీధివాళ్ళు తేల్చి చెప్పారు.

ఓడకంటే ముందు మామ్మ వచ్చారు, చేతిలో కత్తిపీటతో.

“దేఖో బాబూ, నిన్న తోమిన కత్తిపీట. ఇయాల ఎలగ తుప్పట్టిందో సూడు! మీ షెడ్డు పొగ, ఆ ధువా పనే గదా?”

గొట్టం చూపించి జరిగేదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

“సున్నమేనా? మరి పసుపేసి సూసుకోరేటి? దిష్టినీళ్ళు ఎప్పుడూ కలపనేదా?”

ఇంటికెళ్ళి పసుపు తెచ్చారు. గొట్టం కింది నీళ్ళు గ్లాసులో పట్టి, అందులో చిటికెడు వేశారు. పసుపు పసుపుగానే ఉంది. కొత్త సున్నం కలిపి మళ్ళీ పట్టాం. ఎర్రగా తిరిగింది! డిప్లొమా చదివిన నేను చిన్నపిల్లాడిలా గంతులేశాను.

“ఎర్రబడితే సున్నం ఉన్నట్టు. నేదంటే బస్, ఖతం,” అన్నారు మామ్మ.

ఆ తర్వాత పాతచీర చించి, పేలికలు పసుపులో ముంచి, ఆరేసి, గొట్టం నీళ్ళలో ముంచి చూసుకోమని ఇచ్చేవారు. రోజూ పొద్దున్నే గోడ మీంచి “ఏం రంగు బాబూ?” అని కేక. “ఎరుపే మామ్మా!” అంటేగాని టీ తాగేవారు కాదు. కొత్త మీటరు వచ్చినా ఆవిడ నమ్మలేదు. “అది సెడితే దాన్నెవులు సూత్తారు?” అనేవారు. షెడ్డు మూతపడలేదు, కత్తిపీటకు మళ్ళీ అంత తుప్పు పట్టలేదు.

నిన్న పనిలోకి వెళ్ళాను. జేబులో మిగిలిన ఒక్క పేలికను నీళ్ళలో ముంచితే ఎర్రబడింది. అలవాటుగా “ఎరుపే మామ్మా!” అని అరిచేశాను.

గోడవతలికి ఆవిడ కోడలు వచ్చింది.

“రేపూ సెప్పు భయ్యా,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె వెనక తాడు మీద, పోయే ముందురోజు మామ్మ ఆరేసిన పసుపు పేలికలు గాలికి ఎగురుతున్నాయి.